దూది నల్లబడితే ఆగిపో

అమ్మలూ,

మీ నాన్న గ్రామఫోన్ రికార్డులన్నీ నువ్వే తెచ్చుకుంటున్నావని వదిన ఫోనులో చెప్పగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే అన్న మాటకు మాత్రం గుండె ఝల్లుమంది. ఆదివారం కూర్చుని అన్నిటినీ తుడిచేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించేస్తావట. ఒక్క ఆదివారంలో! అన్నయ్య నలభై ఏళ్ళు కూడబెట్టాడే తల్లీ.

మోసుకెళ్ళడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఎల్పీలంటే ఎక్కువసేపు మోగే పెద్ద రికార్డులు; అవి వంద అట్టలతో కలిపి పాతిక కిలోల దాకా తూగుతాయి, చిన్న పెట్టెల్లో సర్దు. పుస్తకాల్లా నిలువుగా పెట్టు, ఒకదాని మీద ఒకటి పేర్చకు. ఎండ తగలనివ్వకు. నడుము జాగ్రత్త.

నా భయమంతా నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ బరువైన పాత రికార్డుల గురించే. 1948లో వచ్చిన ఎల్పీ వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసింది. అంతకుముందువి దాదాపు అన్నీ లక్కలో రాతిపొడి కలిపి అచ్చు వేసినవే. లక్క అంటే తెలుసుగా, కొమ్మల మీద పురుగులు విసర్జించే జిగురు. స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది. పందొమ్మిదేళ్ళప్పుడు నాకీ ముక్క తెలియదు.

అన్నయ్య ఊళ్ళో లేడు. వచ్చేసరికి రికార్డులన్నిటినీ అద్దాల్లా మెరిపించాలని నా ఉబలాటం. ముందుగా చేతికందింది పాబ్లో కాసల్స్ చెల్లో మీద, అదే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం మీద, వాయించిన బాఖ్ సూట్. సూట్ అంటే వరసగా వాయించే సంగీత ఖండాల గుచ్ఛం, బాఖ్ కూర్చింది. 1936 నుంచి 1939 దాకా విడతలుగా రికార్డు చేసిన ఆరు సూట్లలో మూడోది. సూట్ మొత్తం ఒక్క రికార్డులో పట్టదు; దాని మధ్యలోని ఒక రికార్డు తీసి, స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దాను. దూది నల్లబడింది. 'అబ్బ, ఎంత మురికో!' అని మురిసిపోయాను. ఇంకో ఉండ తీసుకున్నాను, అదీ నల్లబడింది. నలుపు వదులుతున్నకొద్దీ నా హుషారు పెరిగింది. ఆరో ఉండకో ఏడో ఉండకో వేలికి జిగురు తగిలింది. దీపం కిందికి వంచి చూస్తే గాడులు కనబడాల్సిన చోట తడిసిన తోలులా మసక. అప్పటిదాకా దూదికి అంటుకున్నదంతా రికార్డే.

వచ్చాక చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిప్పి, రెండో వైపు బాగానే ఉందని చూసుకుని, కొత్త కాగితపు తొడుగు వేసి దాని చోట దాన్ని పెట్టేశాడు. ఆ తర్వాత ఎప్పుడు ఆ సూట్ పెట్టినా, ఆ వైపు వంతు రాగానే ముల్లు ఎత్తేసి కూర్చునేవాడు. మోకాలి మీద వేలితో తాళం వేస్తూ, సుమారు నాలుగు నిమిషాలు. ఆ భాగం అయిపోయిందని లెక్క తేలాక రికార్డు తిప్పేవాడు. పక్క గదిలో నేను ఆ నాలుగు నిమిషాలూ ఊపిరి బిగబట్టేదాన్ని.

అందుకే, లక్కదో వినైలో తేలేదాకా దేనినీ తడపకు. మెత్తని పొడి బ్రష్షుతో గాడుల వెంట గుండ్రంగా తుడువు, చాలు. ముల్లు సంగతి మరిచిపోయేదాన్ని! 78 రికార్డుల ముల్లు ఎల్పీ ముల్లుకు మూడు నాలుగింతల మందం. ఎల్పీ ముల్లు వేస్తే పాతవాటి గాడి అడుగున గీసుకుంటూ గరగరమంటుంది. ఆ గరగర విని రికార్డు పాడైందని పారేసేవు, నీ తొందర నాకు తెలుసు.

ఒకే సంగీతం నాలుగు రికార్డుల మీద సాగే కొన్ని సెట్లలో మొదటి వైపుకు వెనక ఎనిమిదో వైపు ఉంటుంది. మీ నాన్న కలగాపులగం చేశాడనుకోకు. దొంతరగా పెట్టిన రికార్డులు ఒక్కొక్కటే దానంతటదే కిందికి జారే యంత్రాల కోసం అలా అచ్చు వేసేవారు. ఆ వరస చెదరనివ్వకు. అట్టల్లో చీటీలు దొరికితే, చదవడానికి రాకపోయినా ఉంచు.

నీకిదంతా చాదస్తంలా ఉంటుంది. ఉండనీ. తిరిగే లేబుల్ కేసి చూస్తూ చూస్తూ ఆయన ఒళ్ళో నిద్రపోయేదానివి, ఇవి నీ దగ్గరికి రాకపోతే ఇంకెవరి దగ్గరికి వెళతాయి?

ఒక చిన్న పని చేసిపెట్టు. నా మొదటి జీతంతో, ఆ సూట్లే ఎల్పీలుగా మళ్ళీ వస్తే కొని ఇచ్చాను. "బాగుందమ్మా" అని తీసుకుని అరలో పెట్టాడు. వాయించగా నేనెప్పుడూ వినలేదు, అడగడానికి నోరు రాలేదు. ఎల్పీల్లో ఎక్కడో ఉంటుంది. పైన చుట్టిన ప్లాస్టిక్ కాగితం అలాగే ఉందో, చింపాడో చూసి నాకు చెప్పు.

మీ అత్తయ్య