‘600 లోపే ఉంది కదా’ అంటే పంచాయతీ బాధ్యత తీరిపోదు

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక వచ్చే ఒక పల్లె. ఇల్లు కట్టుకున్న కొత్తలో మిషన్ భగీరథ (రాష్ట్ర ప్రభుత్వ తాగునీటి పథకం) నీళ్లు బాగానే వచ్చేవి. ఏడాదిగా వాటిలో బోరు నీళ్లు కలిపి వదులుతున్నారు. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. గీజర్ కాయిల్‌కు తెల్లగా పెచ్చులు కట్టి రెండుసార్లు మార్పించాం. ప్రైవేటు ల్యాబులో చూపిస్తే నీళ్లలో కరిగిన సున్నం లాంటి లవణాల లెక్క, అంటే హార్డ్‌నెస్ 540 అని రిపోర్టు ఇచ్చారు. సర్పంచ్ గారేమో “600 దాకా పర్మిషన్ ఉంది, ఎక్కడ చెప్పుకుంటారో చెప్పుకోండి” అంటున్నారు. కన్స్యూమర్ కోర్టుకు వెళ్లవచ్చా? నల్లా బిల్లు కట్టడం ఆపేయవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, సర్పంచ్ గారు చెప్పిన 600 అంకె నిజమే. దాని పక్కనున్న షరతు మాత్రం ఆయన చెప్పలేదు. తాగునీటికి మన దేశంలో కొలమానం భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ఐఎస్ 10500, 2012 నాటిది. అందులో హార్డ్‌నెస్‌కు మామూలు హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీటి వనరు లేని చోట మాత్రమే 600 వరకు సర్దుకోవచ్చు. మీ ఊరికి శుద్ధి చేసిన భగీరథ నీళ్లు పైపులో వస్తున్నాయి కదా, మరి వేరే వనరు లేదని పంచాయతీ ఎలా అంటుంది? కాబట్టి మీ ఫిర్యాదు “నీళ్లు ఉప్పగా ఉన్నాయి” అని ఉండకూడదు. “మంచి నీళ్ల పైపు ఉండగా బోరు నీళ్లు ఎందుకు కలుపుతున్నారు, రోజుకు ఎంత కలుపుతున్నారు” అని ఉండాలి.

అలాగని ఐఎస్ 10500 దాటితే వెంటనే ఎవరికో శిక్ష పడుతుందని అనుకోకండి. పంచాయతీ నల్లా విషయంలో అది శిక్షలున్న చట్టం కాదు. కానీ 2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం జల్ జీవన్ మిషన్ నల్లా నీళ్ల నాణ్యతకు ఇదే ప్రమాణాన్ని పెట్టుకుంది. అందుకే ఏ అధికారి ముందైనా, ఏ కోర్టులోనైనా దాన్ని చూపించి అడగవచ్చు.

ఒక్క హార్డ్‌నెస్ మీదే కేసు నడపాలంటే కష్టం. దానివల్ల గీజర్ పాడవుతుంది, జుట్టు పాడైందని ఇంట్లో రోజూ గొడవ ఉంటుంది, కానీ ప్రాణం మీదికి వచ్చిందని ఎవరినీ ఒప్పించలేం. అందుకని అదే నీటికి నైట్రేట్, ఫ్లోరైడ్, ఈ-కోలి (నీళ్లలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) పరీక్షలు కూడా చేయించండి. నైట్రేట్‌కు హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు, దానికి ఏ సడలింపూ లేదు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5. ఈ-కోలి వంద మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు. మీది పాత నల్గొండ జిల్లా ప్రాంతం, ఫ్లోరైడ్ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇంకో మాట, చేతిలో పట్టుకునే టీడీఎస్ (నీళ్లలో కరిగినవాటి మొత్తం) మీటరు వీటిలో దేన్నీ విడిగా చెప్పదు. దాన్ని సాక్ష్యంగా తేకండి.

ఇక మీ దగ్గరున్న రిపోర్టు. దాని అడుగున చిన్న అక్షరాల్లో “ఇచ్చిన శాంపిల్‌కు మాత్రమే వర్తిస్తుంది” అన్న అర్థం వచ్చే లైను ఉందేమో చూడండి. చాలా ల్యాబుల రిపోర్టుల్లో ఉంటుంది. అవతలి లాయరు “ఈ నీళ్లు మా నల్లావేనని రుజువేంటి?” అని అడిగితే ఆ కాగితం అక్కడే ఆగిపోతుంది. ఈసారి శాంపిల్ సంపు నుంచి, ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి తీయొద్దు, వీధి నుంచి వచ్చే నల్లా దగ్గరే పట్టండి. పంచాయతీ కార్యదర్శిని పిలవండి. రాకపోతే పిలిచినట్టు కాగితం ఉంచుకోండి. తేదీ, టైము, ఏ నల్లా అన్నది రాసి ఇద్దరు పక్కింటివాళ్లతో సంతకాలు పెట్టించండి. బ్యాక్టీరియా పరీక్షకు ల్యాబువాళ్లిచ్చే సీసాలోనే పట్టి, ఐస్‌లో పెట్టి ఆ రోజే అందించాలి. వీలైతే ప్రభుత్వ నీటి పరీక్షా కేంద్రంలోనే చేయించండి. వాళ్ల రిపోర్టును వాళ్లే కాదనలేరు.

సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు కూడా పెట్టండి. బోరు ఎప్పటి నుంచి కలుపుతున్నారు, ఎవరి ఆదేశంతో, ఇప్పటిదాకా చేసిన నీటి పరీక్షల ఫలితాలేంటి అని అడగండి. పంచాయతీలో దీనికి ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. ఈ చట్టం కింద ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా ఉందని చాలామందికి తెలియదు, 2(జె) సెక్షన్ చూడండి.

కన్స్యూమర్ కోర్టు అన్నారు. మీరు కట్టేది పన్ను అయితే మీరు వినియోగదారు కారని అవతలివాళ్లు వాదిస్తారు, ఆ వాదనకు బలం ఉంది. కనెక్షన్‌కు నెలనెలా చార్జీ కట్టి రసీదు తీసుకుంటుంటే మీకూ కొంత వాదన ఉంటుంది. అయినా నేనైతే ముందు శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్తాను. 1987 నాటి న్యాయ సేవల చట్టంలో 22ఎ సెక్షన్ కింద ప్రజలకు నీటి సరఫరా కూడా ప్రజోపయోగ సేవే, అలాంటి సేవల వివాదాలు చూడటానికే ఆ అదాలత్ ఉంది. కోర్టు ఫీజు లేదు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే వాళ్లే తీర్పు ఇస్తారు. దాని మీద అప్పీలు లేదు, హైకోర్టులో రిట్ ఒక్కటే దారి. కాకపోతే వేరే కోర్టులో ఇదే వివాదం వేసి ఉంటే ఇక్కడికి రాలేరు, కాబట్టి వరుస తప్పొద్దు. పంచాయతీతో పాటు మిషన్ భగీరథ అధికారులనూ ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే “పైనుంచి నీళ్లు తక్కువ వస్తున్నాయి” అని పంచాయతీ, “ఊళ్లో పంపిణీ మాది కాదు” అని వాళ్లు ఒకరి మీద ఒకరు తోసుకుంటారు.

“నిధులు లేవు” అనే జవాబు తప్పకుండా వస్తుంది. రత్లాం మునిసిపాలిటీ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు ఆ సాకు చెల్లదంది. మంచి నీరు జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులోనూ, తర్వాత మన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల గురించిన నాయుడు కేసులోనూ చెప్పింది. రిట్ దాకా వెళ్లాల్సి వస్తే ఇవి పనికొస్తాయి. కానీ దానికి ముందు లిఖితపూర్వక ఫిర్యాదు, అందినట్టు సంతకం ఉండాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి.

నల్లా బిల్లు మాత్రం ఆపకండి. ఆపితే కనెక్షన్ తీసేస్తారు, పైగా బకాయిదారు ఫిర్యాదు చేస్తున్నారని మాట వస్తుంది. డబ్బు కట్టి, “నీటి నాణ్యతపై అభ్యంతరంతో చెల్లిస్తున్నాను” అని విడిగా ఒక కాగితం ఇచ్చి, దాని కాపీ మీద స్టాంపు వేయించుకోండి. గీజర్ రిపేరు బిల్లులు దాచారా? నష్టపరిహారం అడిగేటప్పుడు అవే లెక్క.