స్విచ్‌లో సేవ్ ఎక్కడ ఉంటుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ విడత ప్రశ్నలన్నీ నింటెండో స్విచ్ అనే గేమ్ కన్సోల్ సిస్టమ్ సాఫ్ట్‌వేర్, దాని ఆన్‌లైన్ సేవల గురించే. సేవ్ అంటే గేములో మీరు ఎంతవరకు వచ్చారో దాచిపెట్టే డేటా. వెతుక్కోవడం తేలికగా ఉంటుందని మెనూల పేర్లను తెర మీద కనిపించేవి కనిపించినట్టే ఇచ్చాం.

ప్రశ్న: గేములన్నీ మైక్రోఎస్‌డీ కార్డులోకి మార్చుకుంటే, కన్సోల్ పాడైనప్పుడు ఆ కార్డును కొత్త స్విచ్‌లో పెట్టి ఆపిన చోటి నుంచి ఆడుకోవచ్చా?

జవాబు: కుదరదు. కార్డులో ఉండేవి గేము ఫైళ్లు, అప్‌డేట్లు, డీఎల్‌సీలు (గేముకు అదనంగా దించుకునే భాగాలు), స్క్రీన్‌షాట్లు, వీడియోలు మాత్రమే. సేవ్ డేటా ఎప్పుడూ కన్సోల్ లోపలి మెమరీలోనే ఉంటుంది. గేమ్ కార్డు (గేము ఉండే చిన్న చిప్) కొని ఆడినా అంతే, సేవ్ ఆ కార్డులోకి వెళ్లదు. పైగా మైక్రోఎస్‌డీలో ఉన్న గేము ఫైళ్లను వేరే కన్సోల్ చదవలేదు, మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే. సోనీ కన్సోల్ పీఎస్4లో సేవ్‌ను యూఎస్‌బీ డ్రైవ్‌లోకి కాపీ చేసి దాచుకోవచ్చు. స్విచ్‌లో ఆ దారి లేదు. ఈ సిస్టమ్‌లో ఉన్న లోపాలన్నిటిలోకీ పెద్దది ఇదేనని మా అభిప్రాయం.

ముఖ్యంగా ఉన్నవి రెండు మార్గాలు. మొదటిది సేవ్ డేటా క్లౌడ్, అంటే సేవ్‌ల కాపీని ఇంటర్నెట్‌లో నింటెండో సర్వర్లలో దాచడం. దీనికి నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందా కట్టాలి. చందా ఉన్నా అన్ని గేములకూ పనిచేయదు: స్ప్లాటూన్ 2, పోకెమాన్ స్వోర్డ్, షీల్డ్, స్కార్లెట్, వయొలెట్ గేముల సేవ్‌లు క్లౌడ్‌లోకి వెళ్లవు. యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్‌ది ఇంకో పద్ధతి. అందులో 2020 జులై చివర్లో వచ్చిన అప్‌డేట్‌తో ఐలండ్ బ్యాకప్ ఇచ్చారు గానీ, కన్సోల్ పోయినప్పుడో పాడైనప్పుడో కంపెనీ సపోర్ట్‌ను సంప్రదించి తెప్పించుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది. మీ గేముకు క్లౌడ్ ఉందో లేదో తెలియాలంటే హోమ్ మెనూలో దాని బొమ్మ మీద ఉండి ప్లస్ బటన్ నొక్కి ‘సేవ్ డేటా క్లౌడ్’ చూడండి. చివరిసారి ఎప్పుడు అప్‌లోడ్ అయిందో కూడా అక్కడే తెలుస్తుంది.

క్లౌడ్‌లో ఒక్కో గేముకు, ఒక్కో యూజర్‌కు ఒకే కాపీ ఉంటుంది. పాత కాపీల చరిత్ర ఉండదు. ఆటోమేటిక్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే, కన్సోల్‌లో పొరపాటున చెడగొట్టుకున్న సేవ్ వెళ్లి క్లౌడ్‌లోని మంచి సేవ్‌ను తుడిచేస్తుంది. గేములో ఏదైనా ప్రయోగం చేయబోతుంటే ముందు ఆ గేముకు ఆటోమేటిక్ బ్యాకప్ ఆపేసి, పని అయ్యాక తిరిగి పెట్టుకోండి. చందా ముగిస్తే సేవ్‌లు అప్పటికప్పుడు పోవు. 180 రోజుల్లోగా మళ్లీ చందా కడితే దించుకోవచ్చు, ఆ గడువు దాటితే ఆశ వదులుకోవాలి.

రెండోది ఉచితం. సిస్టమ్ సెట్టింగ్స్‌లో డేటా మేనేజ్‌మెంట్ కింద ‘ట్రాన్స్‌ఫర్ యువర్ సేవ్ డేటా’ ఉంటుంది. రెండు స్విచ్‌లనూ పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ ఒకే నింటెండో అకౌంట్ ఉన్న యూజర్‌తో చేయాలి. ఇది కాపీ చేయదు, తరలిస్తుంది. పని ముగిశాక పాత కన్సోల్‌లో ఆ సేవ్ ఉండదు. అన్నట్టు, రెండు కన్సోళ్లూ పనిచేస్తుండగానే ఇది సాధ్యం. పాత కన్సోల్ చచ్చిపోయాక గుర్తొస్తే లాభం లేదు.

ప్రశ్న: గేము మధ్యలో ఎర్రర్ చూపించి మూసుకుపోతుంటే, సేవ్ పోకుండా ఏవేం చేయవచ్చు?

జవాబు: తేలికైన వాటితో మొదలుపెట్టండి. పవర్ బటన్ ఒకసారి నొక్కితే కన్సోల్ నిద్రలోకి వెళ్తుందే తప్ప ఆగదు. మూడు సెకన్లు నొక్కి పట్టుకుని, పవర్ ఆప్షన్స్‌లో రీస్టార్ట్ ఎంచుకోండి. తర్వాత సిస్టమ్ అప్‌డేట్, గేము అప్‌డేట్ చూసుకోండి. అప్పటికీ లొంగకపోతే గేము బొమ్మ మీద ప్లస్ నొక్కి, మేనేజ్ సాఫ్ట్‌వేర్‌లో ‘చెక్ ఫర్ కరప్ట్ డేటా’ నడపండి. పాడైన ఫైళ్లు దొరికితే మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోమంటుంది. సేవ్ జోలికి పోదు.

తప్పు చాలాసార్లు మైక్రోఎస్‌డీ కార్డుది. డేటా మేనేజ్‌మెంట్‌లో ఆ ఒక్క గేమునూ కన్సోల్ మెమరీలోకి తరలించి ఆడి చూడండి. అక్కడ సాఫీగా నడిచిందంటే కార్డు మార్చాలి. మొదటి తరం స్విచ్‌లో ఉన్నది 32 జీబీయే, అందులో వాడుకోవడానికి మిగిలేది 26 జీబీకి లోపే. పెద్ద గేము తరలించాలంటే ముందు చోటు చేసుకోవాలి.

‘డిలీట్ సాఫ్ట్‌వేర్’ నొక్కడానికి భయపడక్కర్లేదు, దానితో సేవ్ పోదు. భయపడాల్సింది ‘డిలీట్ సేవ్ డేటా’కు, యూజర్‌ను తీసేయడానికి. యూజర్ పోతే అతని సేవ్‌లన్నీ పోతాయి.

సిస్టమే మొండికేస్తే మెయింటెనెన్స్ మోడ్ ఉంది. కన్సోల్ పూర్తిగా ఆపి, వాల్యూమ్ ప్లస్, మైనస్ రెండూ నొక్కి పట్టుకుని పవర్ నొక్కండి. మెనూ వచ్చేదాకా వాల్యూమ్ బటన్లు వదలకండి. అందులో ‘ఇనీషియలైజ్ కన్సోల్ వితవుట్ డిలీటింగ్ సేవ్ డేటా’ ఎంచుకుంటే సేవ్‌లు, యూజర్లు, ఆల్బమ్ ఉంటాయి, గేములు మాత్రం మళ్లీ దించుకోవాలి. అదే మెనూలో ఒట్టి ‘ఇనీషియలైజ్ కన్సోల్’ కూడా ఉంటుంది. అది అంతా ఊడ్చేస్తుంది. రెండు పేర్లూ ఇంత దగ్గరగా పెట్టినవారి ఆలోచన ఏమిటో అంతుపట్టదు. నొక్కే ముందు రెండుసార్లు చదవండి.

ప్రశ్న: ఇంటర్నెట్ వేగంగానే ఉన్నా ఆన్‌లైన్ గేములో మిగతా ఆటగాళ్లతో కలవదు, ఎర్రర్ 2618-0516 వస్తుంది. ఎందుకు?

జవాబు: అది వేగానికి సంబంధించింది కాదు, న్యాట్‌కు (ఇంట్లోని పరికరాలన్నీ ఒకే ఇంటర్నెట్ అడ్రస్ పంచుకునేలా రౌటర్ చేసే పనికి) సంబంధించింది. స్విచ్‌లో చాలా గేములు మధ్యలో సర్వర్ లేకుండా ఆటగాళ్ల కన్సోళ్లను నేరుగా కలుపుతాయి. బయటి కన్సోల్ నుంచి వచ్చే డేటా ప్యాకెట్లను మీ రౌటర్ ఆపేస్తే ఈ కలయిక కుదరదు. సిస్టమ్ సెట్టింగ్స్, ఇంటర్నెట్, టెస్ట్ కనెక్షన్‌కు వెళ్లి న్యాట్ టైప్ చూడండి. ఏ, బీ అయితే బాధ లేదు. సీ, డీ అయితే కొందరితో కలుస్తుంది, కొందరితో కలవదు. ఎఫ్ అయితే ఎవరితోనూ కలవదు.

ముందు రౌటర్‌లో యూపీఎన్‌పీ (కావలసిన దారులను కన్సోలే తెరిపించుకునే సెట్టింగ్) ఆన్ చేసి రౌటర్, కన్సోల్ రెండూ రీస్టార్ట్ చేయండి. నెట్ కంపెనీ ఇచ్చిన మోడెమ్ కూడా రౌటర్‌లా పనిచేస్తూ, దాని వెనక మీ సొంత రౌటర్ ఉంటే న్యాట్ రెండుసార్లు జరుగుతుంది. మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసే సెట్టింగ్‌లో పెట్టాలి. అదీ చాలకపోతే స్విచ్‌కు స్థిరమైన ఐపీ అడ్రస్ ఇచ్చి, యూడీపీ పోర్టులు (డేటా వచ్చే నంబర్ల దారులు) 45000 నుంచి 65535 వరకు ఆ అడ్రస్‌కు ఫార్వర్డ్ చేయండి.

ఇవేవీ పనిచేయకపోతే రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (బయటి ఇంటర్నెట్‌వైపు రౌటర్‌కు ఉన్న అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే నెట్ కంపెనీయే ఒక పబ్లిక్ ఐపీని ఎందరికో పంచుతోందన్నమాట. అప్పుడు మీ రౌటర్‌లో ఏం మార్చినా ఉపయోగం ఉండదు. విడిగా పబ్లిక్ ఐపీ ఇమ్మని కంపెనీనే అడగాలి.

ప్రశ్న: ఒకే అకౌంట్‌తో ఇంట్లో రెండు స్విచ్‌లు వాడవచ్చా?

జవాబు: వాడవచ్చు. 2025 ఏప్రిల్ చివర్లో వచ్చిన 20.0.0 సిస్టమ్ అప్‌డేట్ నుంచి డిజిటల్ గేములు వర్చువల్ గేమ్ కార్డులయ్యాయి, అంటే నిజమైన కార్డులా ఒక కన్సోల్ నుంచి తీసి ఇంకో దానిలో పెట్టగలిగేవి. ఒక కార్డు ఒకసారికి ఒక కన్సోల్‌లోనే ఉంటుంది. దాన్ని తీసి రెండో దానిలో పెట్టాలి. మొదటిసారి జత చేయడానికి రెండు కన్సోళ్లూ దగ్గర దగ్గర ఉండాలి. పాత పద్ధతే నయమనుకునేవారు యూజర్ సెట్టింగ్స్‌లో ‘ఆన్‌లైన్ లైసెన్స్’ ఆన్ చేసుకోవచ్చు. అప్పుడు కార్డు లేని కన్సోల్‌లో కూడా ఆడవచ్చు, కాకపోతే ఇంటర్నెట్ ఉండాలి, అకౌంట్ యజమానే ఆడాలి.

ప్రశ్న: బ్లూటూత్ హెడ్‌సెట్‌తో వాయిస్ చాట్ కుదురుతుందా?

జవాబు: కుదరదు. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన 13.0.0 సిస్టమ్ అప్‌డేట్‌తో బ్లూటూత్ ఆడియో ఇచ్చారు గానీ, మైక్ పనిచేయదు. బ్లూటూత్ ఆడియో వాడుతున్నప్పుడు వైర్‌లెస్ కంట్రోలర్లు రెండుకు మించి కలవవు. నింటెండో సొంత గేముల్లో మాట్లాడుకోవాలంటే ఫోన్‌లో నింటెండో యాప్ పెట్టుకోవాలి. ఫోర్ట్‌నైట్ లాంటి కొన్నిటిలో మాత్రం వైరు హెడ్‌సెట్ పెట్టి నేరుగా మాట్లాడవచ్చు.

ప్రశ్న: ఏదో ఒక రోజు స్టోర్ మూసేస్తే కొన్న గేముల గతి ఏమిటి?

జవాబు: కంపెనీ ఇంతకుముందు చేసిందాన్ని బట్టి చెప్పవచ్చు. నింటెండో పాత కన్సోళ్లైన వీ యూ, 3డీఎస్ ఈషాప్‌లలో (ఆన్‌లైన్ స్టోర్లలో) కొనుగోళ్లు 2023 మార్చి 27న ఆగాయి. వాటిలో ఆన్‌లైన్ ఆట 2024 ఏప్రిల్‌లో ఆగింది. కొన్నవి మళ్లీ దించుకునే సౌకర్యం మాత్రం ఆ తర్వాతా కొనసాగింది. శాశ్వతంగా ఉంటుందన్న హామీ మాత్రం లేదు. మూసివేత ప్రకటన రాగానే గేములతోపాటు వాటి అప్‌డేట్లు, డీఎల్‌సీలు కూడా దించి పెట్టుకోండి. గేమ్ కార్డు చేతిలో ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది, ఎందుకంటే అప్‌డేట్లు కార్డులో ఉండవు.