18 వేలలో పాత సిస్టమ్: ఐ7-2600 తీసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: తమ్ముడు గాజువాకలో ఉంటూ బీటెక్ సెకండియర్ చదువుతున్నాడు, మానిటర్ ఇంట్లో ఉంది, మిగతా సిస్టమ్‌కి 18 వేలు దాటకూడదు. ద్వారకానగర్‌లో ఒక షాపతను ఇంటెల్ ఐ7-2600 ప్రాసెసర్ ఉన్న సిస్టమ్ చూపించాడు, ఇంకొకాయన ఐ5-6500 ఉన్న పాత ఆఫీసు సిస్టమ్ ఇస్తానన్నాడు, తమ్ముడి ఫ్రెండ్ తన ఏఎండీ కంపెనీ ఎఫ్ఎక్స్-8350 సిస్టమ్ అమ్ముతానంటున్నాడు. ఐ7 పెద్దది కదా, అదే తీసుకుందామా అని మీ ప్రశ్న.

వద్దండీ. ఐ7 అన్న పేరు వదిలేసి దాని పక్కనున్న అంకె చూడండి. 2600 రెండో తరం, 2011లో వచ్చింది. 6500 ఆరో తరం, 2015ది. మద్దిలపాలెంలో మా బాబాయి డీటీపీ షాపులో సిస్టమ్‌లు నేనే చూసుకుంటాను. చుట్టాలకీ స్నేహితులకీ సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లు వెతికిపెట్టే పని కూడా ఎలాగో నా నెత్తినే పడింది. ఇన్నాళ్లలో ప్రాసెసర్ పాడైన సిస్టమ్ ఒక్కటీ నా దగ్గరికి రాలేదు. పోయేవి బోర్డులు (అన్నీ అమర్చే మదర్‌బోర్డులు), ఎస్ఎంపీఎస్‌లు (లోపలికి కరెంటు ఇచ్చే పెట్టెలు), హార్డ్ డిస్కులు. కాబట్టి ప్రాసెసర్ పేరు చెప్పి మనకి అమ్మేది నిజానికి ఒక పాత బోర్డు. ఆ బోర్డు ఏ కాలం నాటిదో, దాంట్లో ఏం పడుతుందో ముందు చూడాలి.

2600కి షాపుల్లో ఎక్కువగా జతచేసి ఇచ్చేది హెచ్61 బోర్డు. ర్యామ్ స్లాట్లు రెండే, పాత డీడీఆర్3 రకం ర్యామ్, మొత్తం 16 జీబీ దాటదు. ఆ బోర్డు చిప్‌సెట్‌లో (పోర్టులనీ డిస్కులనీ నడిపించే చిప్పు) యూఎస్‌బీ 3.0 లేదు. డిస్కు తగిలించే సాటా పోర్టు వేగం సెకనుకు 3 గిగాబిట్లే కాబట్టి కొత్త ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్పులతో చేసిన డిస్కు) పెట్టినా దాని వేగంలో సగమే అందుతుంది. అయినా హార్డ్ డిస్క్‌తో పోలిస్తే ఎంతో నయం, అది వేరే సంగతి.

ఇక వేగం. 2600లో నాలుగు కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). 6500లో నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లే. కాగితం మీద 2600 పెద్దగా కనిపిస్తుంది. వీడియో ఎన్‌కోడింగ్ లాంటి, అన్ని కోర్లనీ వాడుకునే పనిలో రెండూ ఇంచుమించు సమానంగా వస్తాయి. కానీ బ్రౌజర్ తెరవడం, కోడ్ ఎడిటర్ వాడటం, చాలా గేములు ఎక్కువగా ఒక్క కోరు జోరు మీద ఆధారపడతాయి. అక్కడ 6500 స్పష్టంగా ముందుంటుంది, అదీ 95 వాట్ల బదులు 65 వాట్ల డిజైన్‌తో. పైగా 2018 జనవరిలో ప్రాసెసర్లలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే భద్రతా లోపాలు బయటపడ్డాక వచ్చిన ప్యాచ్‌ల వల్ల వేగం తగ్గే దెబ్బ నాలుగో తరం, అంతకన్నా పాతవాటి మీదే గట్టిగా పడింది. 2011 నాటి రివ్యూల్లో అంకెలు చూసి 2600 ఇప్పటికీ అలాగే పరిగెడుతుందనుకోకండి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మీ తమ్ముడు పాఠాలన్నీ యూట్యూబ్‌లోనే చూస్తాడు కదా. యూట్యూబ్ ఎక్కువగా పంపే వీపీ9 అనే రకం వీడియోని ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగమే పూర్తిగా విప్పడం ఇంటెల్‌లో ఏడో తరం నుంచి మొదలైంది. 2600లో ఆ పనంతా కోర్లే చెయ్యాలి. వీడియో బాగానే ఆడుతుంది, కానీ పక్కన ఇంకేదైనా తెరిస్తే ఫ్యాన్ రొద మొదలవుతుంది. మా షాపులో పాత సిస్టమ్‌ల మీద బ్రౌజర్‌కి, పాతవాటికి తేలికైన హెచ్264 రకం వీడియోనే అడిగే ఎక్స్‌టెన్షన్ వేసి నెట్టుకొస్తున్నాం.

ఎఫ్ఎక్స్-8350ని ఫ్రెండ్‌షిప్ కోసం కూడా తీసుకోవద్దు. ఎనిమిది కోర్లంటారు గానీ, రెండేసి కోర్లు దశాంశ లెక్కలు చేసే ఒకే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్‌ని పంచుకుంటాయి. ఈ కోర్ల లెక్క మీదే అమెరికాలో కేసు పడి, 2019లో ఏఎండీ 1.21 కోట్ల డాలర్లకి రాజీకొచ్చింది. 125 వాట్లు తాగుతుంది, లోపల గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి కార్డు విడిగా కొనాలి. మన విశాఖ మే నెల ఉక్కలో ఏసీ లేని గదిలో దాన్ని పెట్టుకుని కూర్చోవడం ఎందుకు? ఏఎండీనే కావాలంటే రైజెన్ 3 2200జీ చూడండి. నాలుగు కోర్లు, లోపలి గ్రాఫిక్స్ ఆ కాలానికి చాలా బాగుండేది, ఏఎం4 సాకెట్ (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు) కాబట్టి బయోస్ (సిస్టమ్ ఆన్ చేయగానే ముందు నడిచే బోర్డు ప్రోగ్రామ్) అప్‌డేట్ ఉన్న బోర్డు అయితే తర్వాత పెద్ద ప్రాసెసర్ మార్చుకోవచ్చు.

ఇప్పుడు విండోస్. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్‌వి ఎనిమిదో తరం నుంచి ఉన్నాయి. అంటే మీ ముందున్న మూడింటిలో ఏదీ లేదు, 6500 కూడా లేదు. అడ్డదారిన ఎక్కిస్తే ఎక్కుతుంది, షాపువాళ్లు ఎక్కించే ఇస్తారు కూడా, కానీ ఏ అప్‌డేట్‌కి ఏమవుతుందోనన్న టెన్షన్ మీది. వాలరెంట్ గేమ్ ఆడతాడని రాశారు. విండోస్ 11లో దానికి టీపీఎం 2.0 (భద్రతా తాళాలు దాచే ఏర్పాటు), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేరే బూటయ్యేలా చూసేది) రెండూ కావాలి, 2600 బోర్డులో టీపీఎం 2.0 దొరకడం కల్ల. విండోస్ బదులు ఉబుంటు వేస్తే కోడింగ్‌కి ఏ లోటూ ఉండదు గానీ వాలరెంట్ దాని మీద ఆడదు.

అందుకే నా మాట: ఈ మూడూ పక్కన పెట్టి, ఐ5-8400 గానీ 8500 గానీ ఉన్న ఆఫీసు సిస్టమ్ వెతకండి. ఆరు కోర్లు, డీడీఆర్4, విండోస్ 11 జాబితాలో పేరు. డెల్ ఆప్టిప్లెక్స్ 3060, 5060, 7060, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ4 ఈ తరానివే. అది దొరక్కపోతే ఐ3-8100 ఉన్నా చాలు, నాలుగు కోర్లు 3.6 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి, రోజువారీ పనిలో ఐ5-6500కి ఏమాత్రం తీసిపోదు. అదీ కుదరకపోతే అప్పుడు 6500. ఇప్పుడు 6500 కొని, తర్వాత అదే బోర్డులో 8400 వేద్దాం అని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. రెండింటి సాకెట్ పేరూ ఎల్‌జీఏ 1151యే, ప్రాసెసర్ అందులో కూర్చుంటుంది కూడా, కానీ ఆరు, ఏడు తరాల బోర్డుల మీద అది నడవదు. ఆరో తరం అనగానే డీడీఆర్4 అనుకోవద్దు కూడా: ఆప్టిప్లెక్స్ 7040లో డీడీఆర్4, 3040లో డీడీఆర్3ఎల్.

ఆఫీసు సిస్టమ్‌లలో ఇంకో చిక్కు ఎస్ఎంపీఎస్. చాలా మోడళ్లలో బోర్డుకి వెళ్లే కనెక్టర్ ఆ కంపెనీదే, మామూలు 24 పిన్నుల ఎస్ఎంపీఎస్ తగలదు. గ్రాఫిక్స్ కార్డు వేసే ఆలోచన ఉంటే బుల్లి కేబినెట్ వద్దు, టవర్ అడగండి.

చూడ్డానికి వెళ్లినప్పుడు సైడు ప్యానెల్ తీయించండి. మన ఊళ్లో ఇది తప్పనిసరి, ఎందుకంటే ఉప్పుగాలి దేన్నీ వదలదు. పెదవాల్తేరు, పాండురంగపురం వైపు కిటికీలు తెరిచి ఉంచిన ఇళ్లలో వాడిన సిస్టమ్ చూడగానే తెలిసిపోతుంది. వెనక పోర్టుల చుట్టూ రేకు మీద తుప్పు మచ్చలు, స్క్రూల తలల మీద చిలుము, ర్యామ్ బయటికి తీస్తే బంగారు రంగు కాంటాక్టుల మీద తెల్లటి పొర. పొర ఒక్కటే అయితే పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోతుంది. స్లాట్ లోపల ఆకుపచ్చగా ఉంటే మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు. హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల ఏసీ గదుల నుంచి లాట్లలో వచ్చినవి ఈ విషయంలో శుభ్రంగా ఉంటాయి.

ఇంటెల్‌లో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, సాకెట్‌లో ఉంటాయి. వీలైతే ప్రాసెసర్ తీయించి, ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టండి. వరసలన్నీ ఒకేలా మెరుస్తాయి. ఎక్కడైనా ఒక చుక్క వేరే వైపు మెరిసిందంటే అక్కడ పిన్ను వంగినట్టు. తీయనివ్వనంటే, కనీసం ర్యామ్‌ని ఒక్కో స్లాట్‌లో మార్చి పెట్టించి, ప్రతిసారీ బయోస్‌లో పూర్తి ర్యామ్ కనిపిస్తుందో లేదో చూడండి. ఒక స్లాట్ చచ్చిపోయిన బోర్డుకి చాలాసార్లు కారణం ఆ వంగిన పిన్నే.

2600ని పూర్తిగా తీసిపారేయడం లేదు. మా బాబాయి షాపులో అదే తరం ఐ5-2400 మీద పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లతో పెళ్లి శుభలేఖలు ఇప్పటికీ దర్జాగా అచ్చుకెళ్తున్నాయి. బిల్లులు, ట్యాలీ, తెలుగు టైపింగ్ వరకైతే దానికి ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ పెడితే చాలు. మీ తమ్ముడు ఎలాగూ ఫోన్ యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో దాకా వెళ్తాడు, ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఫోన్‌ని నడిపించే ప్రోగ్రామ్) తెరిస్తే 16 జీబీ ర్యామ్ కావాలి. బేరంలో ఏమైనా మిగిలితే ఆ రెండో 8 జీబీకే పెట్టండి, 500 జీబీ హార్డ్ డిస్క్ ఫ్రీగా ఇస్తానంటే లొంగిపోవద్దు. ఎస్ఎస్‌డీ మాత్రం కొత్తది, బిల్లుతో, మీరే విడిగా కొనండి.