వార్తలు చదవబోతున్న మా అమ్మాయికి

అమ్మడూ,

న్యూస్ ఛానల్‌లో న్యూస్ రీడర్‌గా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం వేసింది. చీర, మేకప్, లైట్ల సంగతి అక్కడివాళ్లే చూసుకుంటారు, వాటి గురించి టెన్షన్ పడకు. ఇన్నేళ్లు న్యూస్ డెస్క్‌లో పనిచేసినవాడిగా నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. నీకు అర్థం కాని వాక్యం నీ నోటి వెంట రానివ్వకు.

వానాకాలం వార్తలే తీసుకో. మూసీకి వరదొస్తే స్క్రిప్టు నిండా అంకెలే ఉంటాయి. హిమాయత్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1763.5 అడుగులు అని ప్రాంప్టర్ మీద, అంటే నీ ముందు స్క్రిప్టు చూపించే తెర మీద వస్తుంది. అది జలాశయం లోతు కాదు, సముద్రమట్టం నుంచి లెక్కగట్టిన ఎత్తు. శ్రీశైలం 885, నాగార్జునసాగర్ 590 అన్నా అంతే. ఇది తెలియనివాళ్లు లైవ్‌లో సొంతంగా రెండు మాటలు కలపబోయి '885 అడుగుల లోతు నీళ్లు' అనేస్తారు. క్యూసెక్కంటే సెకనుకు పారే ఒక ఘనపుటడుగు నీరు. టీఎంసీ నిల్వ లెక్క, వంద కోట్ల ఘనపుటడుగులు. ఒకదాని బదులు ఇంకొకటి చదివితే వార్త మొత్తం తప్పే. మూసీ పక్కనున్న చాదర్‌ఘాట్‌లో, మూసారాంబాగ్‌లో సామాన్లు సర్దుకోవాలా వద్దా అని టీవీ ముందు కూర్చున్నవాళ్లకు కావాల్సింది ఎన్ని గేట్లెత్తారు, ఏ వంతెన మూశారు అన్నది. స్క్రిప్టులో అది లేకపోతే బులెటిన్‌కు ముందే డెస్క్‌ను అడుగు. కొత్తపిల్లవని విసుక్కున్నా సరే, అడుగు.

1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతి స్వరూప్ గారికి ప్రాంప్టర్ లేదు. స్క్రిప్టు ముందే కంఠస్థం చేసుకుని కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు. ఆయన మాటలో ఆ నిదానం, ఆ స్పష్టత ఊరికే రాలేదమ్మా. నువ్వు బట్టీ పట్టక్కర్లేదు గానీ, ప్రింట్ తీసుకుని ఒకసారి పైకి చదువు. ఊపిరి తీసుకునే చోట పెన్సిల్‌తో గీత పెట్టుకో. లక్షలు, కోట్లు ఉన్న అంకెల పైన అక్షరాల్లో రాసుకో. 'భారీ వర్షాలు' బారీ కాకూడదు, 'ధరలు' దరలు కాకూడదు. ఊరి పేరు పలకడంలో అనుమానం వస్తే ఆ జిల్లా రిపోర్టర్‌కు ఫోన్ చెయ్యి, ఆ ఊరివాళ్లు ఎలా అంటారో అడుగు.

అసలు పరీక్ష లైవ్‌లో ఉంటుంది. ఆసుపత్రిలో ఉన్న సినిమా నటుడి గురించి చదువుతుంటే బులెటిన్‌ను నడిపించే కంట్రోల్ రూమ్ (పీసీఆర్) నుంచి చెవిలో 'పోయారట, చెప్పేయండి' అంటారు. పక్క ఛానల్ వేసేసిందన్నది ఆధారం కాదు. కుటుంబసభ్యులు చెప్పారా, ఆసుపత్రి ప్రకటన వచ్చిందా? అప్పుడు ప్రొడ్యూసర్‌తో వాదించే వీలుండదు. 'చికిత్స కొనసాగుతోంది, మరిన్ని వివరాలు అందాల్సి ఉంది' అని, బ్రేక్ తీసుకుని కనుక్కో. బతికున్న మనిషి పోయాడని టీవీలో వింటే ఆ ఇంట్లోవాళ్లు ఏమైపోతారో ఆలోచించు. ఆ వార్త పది నిమిషాలు ఆలస్యమైతే కొంపలేం మునగవు.

లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి పేరు చెప్పడం చట్టప్రకారం నేరం, భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 72వ సెక్షన్ ఉంది. చిన్నపిల్లలైతే పోక్సో చట్టం కూడా. పేరొక్కటే కాదు, బస్తీ, బడి, తల్లిదండ్రుల వివరాలు కూడా ఆ పిల్లను పట్టిచ్చేస్తాయి. స్క్రిప్టులో అవి కనిపిస్తే చదవకుండా ఆపెయ్.

మార్నింగ్ షిఫ్ట్ వేస్తే తెల్లారుజామున నాలుగింటికే క్యాబ్ వస్తుంది. ఖాళీ కడుపుతో వెళ్లకు, గొంతు పీక్కుపోతుంది. తొలి బులెటిన్ ఎప్పుడో ముందే చెప్పు, మీ పెద్దమ్మా నేనూ టీవీ ముందే ఉంటాం. ఆ రోజు స్క్రిప్టు కాగితాలు మాత్రం పారెయ్యకు, ఆదివారం ఇంటికొచ్చేటప్పుడు తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న