పాత పికప్‌కి ఇంజన్ వెతుకుతున్నారా? ముందు వైర్ బ్రష్ కొనండి

1970ల నాటి షెవర్లే పికప్‌లో ఇంజన్ పోయింది, బదులు ఇంజన్ ఎక్కడ దొరుకుతుంది, ఏది వేస్తే సరిపోతుంది అని మీరు ఇక్కడ అడిగారు. ఎక్కడ అన్నది నిజానికి పెద్ద సమస్య కాదండీ. ఇంజన్లు బోలెడు దొరుకుతాయి. అమ్మేవాడు నోటితో చెప్పిన ఇంజనూ, మన షెడ్డులో దిగిన ఇంజనూ ఒకటే అవడమే కష్టం.

నాది 1971 షెవర్లే సి10 పికప్. దానితో పాటు వచ్చింది 250 క్యూబిక్ అంగుళాల ఇంజన్, వరసగా ఆరు సిలిండర్లు. నాకు ముందున్న ఓనరు కూలెంట్ దండగ అనుకున్నాడేమో, రేడియేటర్‌లో ఉత్త నీళ్ళు పోసి చలికాలమంతా వదిలేశాడు. ఆ నీళ్ళు గడ్డకట్టి బ్లాక్ పక్కన, అంటే సిలిండర్లుండే ఇనప దిమ్మకి, జానెడు పొడవున పగులు. అసలు బ్లాకే పోయాక ఇంక సిలిండర్లు కోసి సాపు చేసే బోరింగ్ ఎక్కడ, కొత్త పిస్టన్ రింగులెక్కడ! లేకపోతే నేను వేరే ఇంజన్ జోలికే వెళ్ళేవాణ్ణి కాదు. పొగ వస్తోందని, ఆయిల్ తాగుతోందని పాత ఇంజన్ని తీసి పారేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బ్లాక్ బాగుంటే లేత్ షాపుకి తీసుకెళ్ళండి, అంతే.

సరే, 350 వి8, అంటే 350 క్యూబిక్ అంగుళాల ఎనిమిది సిలిండర్ల షెవర్లే ఇంజన్, వేద్దామనుకున్నా. ఆ 250కీ ఈ 350కీ బెల్ హౌసింగ్ (ఇంజన్నీ గేర్ బాక్స్‌నీ కలిపే గంట ఆకారపు డిప్ప) బోల్టుల వరస ఒకటే, కాబట్టి గేర్ బాక్స్ ముట్టుకోనక్కర్లేదు. ఇంజన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే మౌంట్లు, సైలెన్సర్ గొట్టాలు మాత్రం వి8వి కావాలి. పైగా 1967లో షెవర్లే కమారో కారుతో మొదలైన ఈ 350ని దశాబ్దాల పాటు కార్లలో, వ్యాన్లలో, ట్రక్కుల్లో, ఆఖరికి పడవల్లో కూడా పెట్టారు.

మా బావని వెంటబెట్టుకుని ఒకాయన దగ్గరికి వెళ్ళాను. పాత టైరు మీద ఇంజన్, దానిమీద టార్పాలిన్. అప్పుడే కొత్తగా నారింజ రంగు కొట్టి ఉంది. పాత ఇంజన్ మీద కొత్త రంగు కనిపిస్తే నాకు మొదటినుంచీ అనుమానమే. 350 గ్యారంటీ అన్నాడాయన. కావాలంటే నంబర్ చూసుకోండన్నాడు, అదీ ధైర్యంగా.

ఏ ఇంజనో చెప్పే ఆ నంబర్ బ్లాక్‌తో పాటే పోత పోసి ఉంటుంది. బ్లాక్ వెనక, గేర్ బాక్స్ తగులుకునే అంచు మీద, డ్రైవర్ వైపు. గుడ్డతో తుడిస్తే 1401020 దాకా స్పష్టంగా ఉంది. చివరి అంకె మీద రంగు గడ్డకట్టింది. అది 7 అయితే 350. అదే 1 అయితే 305, అంటే అదే కుటుంబంలోని చిన్న ఇంజన్. బయటినుంచి చూస్తే రెండూ అచ్చం కవలలే. స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, కూడా రెండింటికీ 3.48 అంగుళాలే. తేడా అంతా లోపల, బోరులో, అంటే సిలిండర్ వెడల్పులో: 350కి 4 అంగుళాలు, 305కి 3.736. హెడ్ విప్పితే తప్ప కనపడదు.

"ఏడే బామ్మర్దీ, పైన గీత కనపడట్లా?" అన్నాడు బావ. ఎండలో నిలబడి విసిగిపోయాడు పాపం.

"ఉండు బావా" అని వైర్ బ్రష్ తీసి రుద్దాను. పోలేదు. స్క్రూడ్రైవర్ కొనతో గీకితే ఆ పైగీత పెచ్చులా లేచి వచ్చేసింది. గాస్కెట్‌కి పూసే సిలికాన్, దానిమీద రంగు. కింద నిటారుగా ఒకటి.

అమ్మేవాడి మొహంలో ఏ మార్పూ లేదు. తెలిసి చేశాడో, తనూ అలాగే కొన్నాడో ఇప్పటికీ చెప్పలేను. 305 కూడా బాగా లాగుతుందండీ అని మొదలుపెట్టాడు. లాగుతుంది, చెత్త ఇంజనేం కాదు. కానీ 350 రేటుకి 305 ఎందుకు కొనాలి? ఖాళీ చేతులతో వచ్చేశాం. దారంతా బావ మాట్లాడలేదు.

ఆఖరికి నాకు 350 దొరికింది గేర్ బాక్స్ పోయిన ఒక పాత వ్యాన్‌లో. స్క్రాప్‌కి వెళ్ళబోతోంది. నా ఉద్దేశంలో అన్నిటికన్నా మంచి దారి ఇదే: ఇంజన్ ఇంకా బండిలోనే ఉండాలి, మన ముందే స్టార్ట్ చెయ్యాలి. అదీ చల్లగా ఉన్నప్పుడు. వెళ్ళగానే బానెట్ ఎత్తి, ఇంజన్ పొగ బయటికి పోయే మానిఫోల్డ్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉందంటే మీరు వచ్చేలోపే ఒకసారి తిప్పి ఏదో దాచారని అర్థం. ఎనిమిది ప్లగ్గులూ తీసి ఒక్కో సిలిండర్ కంప్రెషన్, అంటే లోపల పుట్టే ఒత్తిడి, చూశాను. ఏడు దగ్గరదగ్గరగా ఉన్నాయి, ఒకటి కాస్త తక్కువ. పర్లేదనుకుని తీసుకున్నా.

అక్కడా ఒక దెబ్బ తిన్నాను లెండి. 1986 ప్రాంతంలో ఈ ఇంజన్లకి క్రాంక్ షాఫ్ట్ వెనక ఆయిల్ కారకుండా ఆపే సీల్ రెండు ముక్కలనుంచి ఒకే ముక్కకి మారింది. దానితో ఫ్లైవీల్ (క్రాంక్ చివర బిగించే బరువైన చక్రం) బోల్టుల వలయం కూడా 3.58 అంగుళాల నుంచి 3కి తగ్గింది. నేను తెచ్చింది ఆ తర్వాతది. ఇంజన్ చైన్ బ్లాక్‌కి వేలాడుతుండగా పాత ఫ్లైవీల్ పెట్టి చూస్తే ఒక్క రంధ్రమూ కలవదు! ఆ మోడల్‌కి తగ్గ ఫ్లైవీల్ వచ్చేదాకా వారం రోజులు ఇంజన్ అలాగే ఉంది, నా టెన్షన్ కూడా.

ఇంకొంచెం సేపట్లో ఎవరో ఒకరు వచ్చి "ఎల్ఎస్ వేసెయ్యండి" అని రాస్తారు. ఏ ప్రశ్నకైనా వాళ్ళది అదే జవాబు. 1997లో షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్‌తో వచ్చిన ఇంజన్ల కుటుంబం అది. మంచివే, కాదనను. కానీ దానికి కంప్యూటర్, వైరింగ్, ఎక్కువ ప్రెషర్ ఇచ్చే ఫ్యూయల్ పంపు, అన్నీ పట్టించాలి. కార్బురేటర్ బండి నడుపుకుందామని కొన్నవాడికి ఆ గోలంతా ఎందుకండీ?

మీరు ఏ ఏడాది బండో, గేర్ బాక్స్ ఏదో రాయలేదు. ఇంజన్ పట్టేసిందా, పగిలిందా అన్నదీ రాయలేదు. ముందు మీ బ్లాక్ వెనక నంబర్ గీకి చూసి ఇక్కడ పెట్టండి. చివరి అంకె రెండుసార్లు చూడండి.