ఉప్పు నీళ్లలో నానబెడితే పురుగుమందు పోతుందా?

కూరగాయలు ఉప్పు నీళ్లలో అరగంట నానబెడితే మందంతా పోతుందా, కారం సంగతేంటి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు అని అడిగారు. మాది పల్నాడులో మిర్చి పండించే ఇల్లు కాబట్టి చూసింది చెప్తాను.

మొత్తం పోదు. పైన పడ్డ మందే కొంత కడిగితే పోతుంది. ఎసిఫేట్, ఇమిడాక్లోప్రిడ్, మోనోక్రోటోఫాస్ లాంటివి ఆకు మీద కొడితే మొక్క లోపలికి పాకుతాయి. అవి రోజులు గడిచేకొద్దీ మొక్కలోనే విరిగి తగ్గాలి తప్ప నీళ్లకి రావు. అందుకే కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలని గడువు పెడతారు.

మిర్చిలో ఆ గడువు దగ్గరే అంతా తప్పుతుంది. కోతకి కూలీలు దిగే రోజున ఒకే చెట్టు మీద పూత, పిందె, పచ్చికాయ, పండుకాయ అన్నీ ఉంటాయి. పూతని తామర పురుగు నుంచి కాపాడాలని కొడితే రేపు కోసే పండుకాయ మీదా పడుతుంది. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మా ఊళ్లో మూడు రోజులకోసారి కొట్టినవాళ్లున్నారు. ఆకు పైకి ముడుచుకునే పైముడతకొకటి, కిందికి ముడుచుకునే కిందిముడతకొకటి, కాయ తొలిచే పురుగుకొకటి, అన్నీ ఒకే ట్యాంకులో కలిపి. ఏం కలపాలో చెప్పేది మందుల షాపాయన. పెట్టుబడి అప్పూ ఆయన దగ్గరే, ఇక వద్దనేదెవరు? రైతుని తిట్టేవాళ్లు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

పైగా నాలుగైదు కిలోల పండుమిరప ఎండితే కిలో ఎండుమిర్చి. నీరు పోతుంది, మందు చాలావరకు మిగిలిపోతుంది. మా ఇంటి కారానికి అమ్మ చేను చివర రెండు సాళ్లు వేరుగా పెట్టించేది. నాన్న పంపు అటు తిప్పితే ఊరుకునేది కాదు. అమ్మే పంటకీ తినే పంటకీ అంత తేడా పెట్టుకున్నామని ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

మొదటి దెబ్బ మందు కొట్టేవాడికే. నేను ఇంటర్‌లో ఉండగా ఒక సాయంత్రం నాన్న గట్టు మీద కూలబడ్డాడు. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది, నోట్లోంచి చొంగ ఆగలేదు, కంటిపాపలు ఆవగింజంత అయ్యాయి. ఆసుపత్రిలో విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్లు చేస్తూ రాత్రంతా పక్కనే ఉన్నారు. తిండిలో వచ్చే మోతాదుకి ఎవరూ అలా పడిపోరు. అసలు భయం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా చేరేదాని గురించి. పిల్లలకి ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాళ్ల బరువుతో పోలిస్తే తినేది ఎక్కువ, మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది.

కొన్ని మందులు ఆపేసినా వదలవు. డీడీటీని మన దేశంలో సాగులో 1989లోనే ఆపారు, బీహెచ్‌సీని 1997లో. కొవ్వులో కరిగి నిలిచిపోయే రకాలు కావడంతో ఆ తర్వాత కూడా తల్లిపాలలో కనిపించాయి. కేరళలోని కాసరగోడ్ జీడితోటల మీద ఎండోసల్ఫాన్ అనే పురుగుమందుని రెండు దశాబ్దాలకు పైగా హెలికాప్టర్లతో చల్లారు. దాన్ని దేశమంతటా సుప్రీంకోర్టు ఆపింది 2011లో.

కూరగాయలు మాత్రం మానకండి. పారే నీళ్ల కింద చేత్తో రుద్ది కడగండి. ఉప్పు కన్నా వంటసోడా నీళ్లు మేలు, పావుగంట ఉంచి మళ్లీ కడగాలి. క్యాబేజీ పై పొరలు తీసేయండి, సొర, దోస తొక్క తీయండి. రోజూ ఒకే కూర కాకుండా మార్చి వండండి. కారానికి మాత్రం తెలిసిన రైతు దొరికితే అంతకు మించింది లేదు. మందులు తగ్గించి పండించేవాళ్లున్నారు. ఖమ్మం వైపు పునుకుల ఊరు ఇరవై ఏళ్ల కిందటే వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణంతో పత్తి పండించి పురుగుమందులు మానేసింది.

ఆ సాయంత్రం తర్వాత నాన్న మెల్లగా మారాడు. పురుగుకి అడ్డుగా చేను చుట్టూ జొన్న వేస్తాడు, తామర పురుగులు అంటుకునేలా నీలం జిగురు అట్టలు పెడతాడు, తప్పనిసరై మందు కొడితే ఆ తేదీ గోడ క్యాలెండర్ మీద రాస్తాడు. మీరు ఎవరి దగ్గర కొన్నా చివరి మందు ఎప్పుడు కొట్టారని అడగండి. మా కళ్లంలోకి వచ్చే వ్యాపారి ఇంతవరకు ఆ ఒక్క మాట అడగలేదు. రంగు, తేమ, తాలు చూసి ధర చెప్పి వెళ్తాడు.