గది కట్టించాలా, జీతం ఇవ్వాలా?

ప్రశ్న: భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగం చేసి పోయినేడు 61 ఏళ్లకు రిటైరయ్యాను. గ్రాట్యుటీ, పీఎఫ్ అన్నీ కలిపి 44 లక్షలు చేతికొచ్చాయి. పెన్షన్ నెలకు 16 వేలు, ఇంటి ఖర్చు 25 వేలు. సొంత ఇల్లుంది, అప్పుల్లేవు. అమ్మాయి పెళ్లయింది, అబ్బాయి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. పరకాల దగ్గర మా సొంతూళ్లో ఒక ట్రస్టు బడి నడుపుతోంది. కూలీల పిల్లలు, చిన్న రైతుల పిల్లలు 180 మంది చదువుతున్నారు. ఏడాది ఫీజు 6 వేలే, అందులోనూ మూడో వంతు మంది సగమే కడతారు. ఏడుగురు టీచర్లకు తలా 11 వేల జీతం, మే నెలలో అదీ ఉండదు. మా అమ్మ పేరున ఒక గది కట్టించమని కరస్పాండెంట్ సారు అడిగారు. 10 లక్షలవుతుందట. పన్ను మినహాయింపు కూడా వస్తుందన్నారు. మా ఆవిడ మాత్రం "ఇద్దాం గానీ ఒక్కసారే వద్దు" అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఇంటావిడ చెప్పినట్టే చేయండి. ఆమె మాటలో లెక్క ఉంది.

ముందు పన్ను సంగతి తేల్చేద్దాం. మనవాళ్లు 80జి రసీదు, అంటే విరాళం మీద పన్ను మినహాయింపు ఇచ్చే కాగితం, అనగానే సంబరపడతారు గానీ, అసలు పన్నే పడనివాళ్లకు మినహాయింపు దేనికి? మీ పెన్షన్ ఏడాదికి 1.92 లక్షలు. పొదుపు మీద రెండున్నర, మూడు లక్షల వడ్డీ వచ్చినా మొత్తం 5 లక్షల చుట్టుపక్కలే. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను లేదు. పైగా ఆ విధానంలో 80జి మినహాయింపే వర్తించదు. కాబట్టి పన్ను కోసం ఇవ్వాల్సిన పని లేదు. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, అంతే.

ఇక మీ ఇల్లు. ఇవాళ 10 లక్షలు ఇచ్చినా ఇబ్బంది కనపడదు. మిగతా 34 లక్షల్లో 30 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో పెడితే ఇప్పుడున్న 8.2 శాతం చొప్పున ఏటా 2.46 లక్షల వడ్డీ. పెన్షన్‌తో కలిపి 4.38 లక్షలు, ఖర్చు 3 లక్షలు. బాగానే ఉందనిపిస్తుంది. కానీ బొగ్గు గని కార్మికుల పెన్షన్ ధరలతోపాటు పెరగదని మీకు నేను చెప్పనక్కర్లేదు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఇవాళ్టి 25 వేల ఖర్చు పన్నెండేళ్లలో 50 వేలవుతుంది. అప్పుడు ఏడాదికి 6 లక్షలు కావాలి. కంపెనీ మెడికల్ కార్డుకూ పరిమితి ఉంది. ఆ వయసులో ఇచ్చిన డబ్బు వెనక్కి అడగలేరు, గోడలు అమ్ముకోలేరు.

ఇప్పుడు బడి లెక్క చూడండి. అందరూ పూర్తిగా కడితే 10.80 లక్షలు రావాలి. 60 మంది సగమే కడితే వచ్చేది 9 లక్షలు. ఏడుగురు టీచర్లకు 11 నెలల జీతమే 8.47 లక్షలు. మిగిలిన 53 వేలతో కరెంటు బిల్లు, సుద్దముక్కలు, మరమ్మతులు, పరీక్ష పేపర్లు, అన్నీ వెళ్లాలి. ఆ బడికి లోటు గదుల్లో లేదు, నెల జీతాల్లో ఉంది. కొత్త గది వస్తే ఇంకో టీచర్ కావాలి, ఇంకో ఫ్యాన్ తిరగాలి. ఎద్దును కొనిచ్చి గడ్డి సంగతి మరిచినట్టవుతుంది. గదికైతే శిలాఫలకం పెట్టొచ్చు, జీతానికి పెట్టలేం. దాతల్ని గదే అడగడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం.

మే నెల జీతం రాకపోతే టీచర్ ఏం చేస్తారు? జూన్ 12న బడి తెరిచేలోపు ఇంకో వెయ్యి ఎక్కువిచ్చే హనుమకొండ బడికి వెళ్లిపోతారు. పిల్లలకు ఏటా కొత్త సారు. ఏడుగురికి ఒక నెల జీతం 77 వేలు. మీ 10 లక్షల మీద ఏడాది వడ్డీ 82 వేలు. నేను చెప్పేది ఇదే: అసలు మీ దగ్గరే ఉంచుకోండి, వడ్డీ బడికివ్వండి.

ఎలాగంటే, సీనియర్ సిటిజన్ ఖాతాలు రెండు తెరవండి, ఒకటి 20 లక్షలతో ఇంటికి, ఒకటి 10 లక్షలతో బడికి. రెండూ మీ ఆవిడతో జాయింటుగా ఉండాలి. ఒక మనిషికి గరిష్ఠ పరిమితి 30 లక్షలే కాబట్టి సరిగ్గా సరిపోతుంది. ఖాతా తెరిచిన నాటి రేటు అయిదేళ్లూ మారదు. బడి ఖాతా నుంచి మూడు నెలలకోసారి 20,500 పడుతుంది. దాన్ని వేరే సేవింగ్స్ ఖాతాకు మళ్లించి, ఏప్రిల్ విడత పడ్డాక మొత్తం ట్రస్టుకు పంపండి. ఇంటికి 1.64 లక్షల వడ్డీ, పెన్షన్ కలిపి 3.56 లక్షలు వస్తాయి, ప్రస్తుతానికి చాలు. మిగతా 14 లక్షల్లో 6 లక్షలు ఆసుపత్రి అవసరాలకని బ్యాంకు ఎఫ్‌డీలో ఉంచండి. 8 లక్షలు ఏడెనిమిదేళ్లు ముట్టుకోకుండా ఉండగలిగితే షేర్లు, బాండ్లు కలగలిపి ఉండే హైబ్రిడ్ మ్యూచువల్ ఫండ్‌లో కొంచెం కొంచెంగా పెట్టండి, ధరల పెరుగుదలకు అదే మందు. అబ్బాయి ఉద్యోగం పేరు చెప్పి ఎవరైనా డబ్బడిగితే మాత్రం ఈ 8 లక్షల మాట ఎత్తకండి.

ఒక్క రూపాయి ఇచ్చే ముందు కూడా కాగితాలు చూడాలి. ట్రస్టు అన్న పేరు చూసి ఆగిపోవద్దు. ఫీజులు దండిగా తీసుకునే ప్రైవేటు బడులు కూడా చాలావరకు సొసైటీ, ట్రస్టు పేరు మీదే నడుస్తాయి. రిజిస్ట్రేషన్ పత్రం, పాన్, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు అడగండి. అన్నింటికంటే ముఖ్యం, బడి స్థలం ఎవరి పేరున ఉందో కనుక్కోండి. దస్తావేజు చూడండి, స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీయించండి. స్థలం కరస్పాండెంట్ సొంత పేరున ఉంటే మీరు కట్టించే గది రేపు ఆయన వారసులదవుతుంది. డబ్బు ట్రస్టు బ్యాంకు ఖాతాకే వెళ్లాలి, సారు ఫోన్‌పేకి కాదు. జూన్‌లో ఏడుగురు టీచర్ల సంతకాలున్న జీతాల రిజిస్టరు చూపించమనండి. నిజాయితీపరుడైతే ఆయన నొచ్చుకోరు.

మీ ఇద్దరి తర్వాత ఆ 10 లక్షలు బడికే చెందాలనుకుంటే వీలునామా రాయండి. ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, పరకాల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయిస్తే తర్వాత పేచీ ఉండదు. బడి దారి తప్పిందనిపిస్తే మార్చి రాసుకోవచ్చు. ఈ సంగతి అబ్బాయికి, అమ్మాయికి ఇప్పుడే చెప్పండి.

ఇంకొకటి, మీ వడ్డీ ఏడాదికి లక్ష దాటుతుంది కాబట్టి, మీకు పన్ను పడకపోయినా, వడ్డీ ఇచ్చేటప్పుడే టీడీఎస్ పేరుతో పన్ను కోస్తారు. అది కోయకుండా, నాకు పన్ను పడదని రాసిచ్చే, 15హెచ్‌గా మనకు తెలిసిన స్వీయ ప్రకటన ఫారాన్ని ఏటా ఏప్రిల్ మొదట్లోనే, రెండు ఖాతాలకూ ఇవ్వడం మరవకండి.